పండు లోపలే మొలకెత్తిన గుమ్మడి గింజలు... మేడమీద నాటొచ్చా?

విభాగం: మేడతోటలు, విశాఖపట్నం

పెద్దవాల్తేరు_పిట్టగోడ | సెప్టెంబర్ 9, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. దప్పళం పెడదామని ఇవాళ తియ్య గుమ్మడికాయ కొట్టించాం. ఎం.వి.పి. రైతుబజార్‌లో ఎప్పుడో కొన్నది, అటక మీద అలాగే ఉండిపోయింది. లోపల చూస్తే గింజలు సగానికి పైగా మొలకెత్తేసి ఉన్నాయి. కొన్నిటికి తెల్లటి వేరు అర అంగుళం ఉంది. రెండు మూడిటికైతే వేరు వంకర తిరిగి పక్క గింజకి చుట్టుకుపోయింది. పారేయబోతుంటే మా అత్తగారు ఆపారు. "ఇప్పుడు పాతితే సంక్రాంతికి గొబ్బెమ్మల మీదకి పువ్వులు కొనక్కర్లేదు" అని ఆవిడ లెక్క.

మాది అయిదో అంతస్తు, పైన టెర్రస్ వాడుకోనిస్తారు. ఇలా పండులోనే మొలిచిన గింజ నాటితే పాదు సరిగ్గా వస్తుందా? వేరు కిందకి పెట్టాలా, గింజని పడుకోబెట్టాలా? ముందు చిన్న కప్పుల్లో వేయాలా, నేరుగా పెద్ద గ్రోబ్యాగ్‌లోనా (మొక్కలు పెంచే సంచి)? ప్రస్తుతానికి తడి టిష్యూలో చుట్టి పెరుగు డబ్బాలో వేసి మూత పెట్టాను. రేపు నాకు సెలవు, కాస్త త్వరగా చెప్పండి.

సీతమ్మధార_సందు | సెప్టెంబర్ 9, రాత్రి 9:52

దప్పళం ఎలా కుదిరిందో చెప్పకుండా గింజల దగ్గరికి వెళ్లిపోవడం అన్యాయం అండీ.

పెద్దవాల్తేరు_పిట్టగోడ | సెప్టెంబర్ 9, రాత్రి 9:55

ఇంకా పొయ్యి ఎక్కలేదు. అసలు మొలకలొచ్చిన కాయ తినొచ్చా?

మాధవధార_మాస్టారు | సెప్టెంబర్ 9, రాత్రి 10:20

తినొచ్చమ్మా. గింజలూ పీచూ తీసేసి, చిన్న ముక్క పచ్చిగా నాలుక మీద పెట్టి చూడండి. తియ్యగానో చప్పగానో ఉంటే సరే. చేదు తగిలితే మాత్రం మొత్తం కాయ పారేయండి, గింజలు కూడా నాటొద్దు. గుమ్మడి, సొర, దోస జాతుల్లో ఆ చేదు ఊరికే రాదు, ఒంటికి పడని పదార్థం అది. ఉడికించినా పోదు.

ఇక మొలకల సంగతి. కాయ బాగా పండి చాలాకాలం నిలవ ఉంటే, గింజని మొలవకుండా ఆపే పదార్థాలు కాయలో తగ్గిపోతాయి. లోపల తడి ఎలాగూ ఉంది, మన ఊరి వెచ్చదనం ఉంది, ఇంకేం కావాలి? కోరంగి మడ అడవుల్లో పొన్న జాతి చెట్లకి కాయ చెట్టు మీద ఉండగానే మొలక దిగుతుంది, అక్కడ అది రివాజు. గుమ్మడికి అప్పుడప్పుడూ జరుగుతుంది, తెగులేమీ కాదు.

పెరుగు డబ్బా మూత మాత్రం ఇప్పుడే తీసేయండి. గాలి ఆడకపోతే తెల్లారేసరికి వేరు కొస గోధుమరంగులోకి తిరుగుతుంది. అలా తిరిగితే ఆ గింజ మీద ఆశ వదులుకోవాల్సిందే.

మొక్కలడాక్టర్_కాదు | సెప్టెంబర్ 9, రాత్రి 11:05

హార్టికల్చర్ చదువుతున్నా, అందుకే ఆ పేరు.

మాస్టారు చెప్పింది కరెక్ట్. ఒకటి కలుపుతాను. కొన్న కాయ హైబ్రిడ్ అయితే దాని గింజ నుంచి అదే కాయ వస్తుందని నమ్మకం లేదు. ఆకారం మారొచ్చు, తీపి తగ్గొచ్చు. అర్క చందన్ లాంటి సూటి రకం (హైబ్రిడ్ కానిది) అయితే, పొలంలో పక్క రకంతో పరాగం కలవకపోతే తల్లిలాగే వస్తుంది. ఏ రకమో మనకి తెలీదు కాబట్టి వచ్చిందే కాయ అనుకోవాలి. గొబ్బెమ్మల పువ్వుకి రకంతో పనేముంది!

నాటడం గురించి: మొలిచిన గింజకి ప్రాణమంతా ఆ వేరు కొసలోనే ఉంది. వేరు పట్టుకుని ఎత్తకూడదు, గింజ పెంకు పట్టుకుని ఎత్తాలి, లేదా టీ స్పూన్‌తో తీయాలి. ముందు మట్టి తడిపి, వేలితో అంగుళం లోతు గుంట చేసి, వేరు కిందకి వచ్చేలా దించి, పైన వదులుగా మట్టి కప్పండి. నొక్కొద్దు, నీళ్లు చిలకరిస్తే మట్టి తనే సర్దుకుంటుంది. వేరు ఎటో తెలీకుండా వంకర్లు తిరిగి ఉంటే గింజని అడ్డంగా పడుకోబెట్టండి చాలు. వంకరని నిటారు చేద్దామని చూస్తే పుటుక్కున విరుగుతుంది. ఒకదానికొకటి చుట్టుకున్నవి నీళ్ల గిన్నెలో వేస్తే వాటంతటవే విడిపోతాయి. విడిపోకపోతే జంటగానే నాటేయండి, తర్వాత బలహీనమైనదాన్ని కత్తెరతో మొదలుకి కత్తిరించొచ్చు. పీకొద్దు, రెండో దాని వేరు కూడా కదులుతుంది.

గాజువాక_గ్రోబ్యాగ్ | సెప్టెంబర్ 10, ఉదయం 6:15

బి షిఫ్ట్ దిగి పడుకుని ఇప్పుడే లేచా. అక్కా, సెప్టెంబర్‌లో మన దగ్గర ఎప్పుడు కుండపోత పడుతుందో చెప్పలేం. నేరుగా పెద్ద బ్యాగ్‌లో వేస్తే మొలక అక్కడే నాని కుళ్లిపోతుంది. పేపర్ కప్పుల్లో వేసి వాన వచ్చినప్పుడు లోపలికి తెచ్చుకోండి. మొలకతో వచ్చే జంటాకుల తర్వాత రెండు అసలు ఆకులు రాగానే మార్చేయండి. నేను బీర, కాకర, గుమ్మడి అన్నీ ఇంతే.

భీమిలి_పాదు | సెప్టెంబర్ 10, ఉదయం 7:02

అదేటి తమ్ముడూ, గుమ్మడిని నారు పోసి నాటడమేటి? మా ఊళ్లో పాదు తీసి, పశువుల గత్తం వేసి, పాదుకి నాలుగేసి గింజలు పెడతాం. రెండు మొక్కలుంచి మిగతావి తీసేస్తాం. తల్లివేరు కదిపితే గుమ్మడి అలుగుతుంది. వారం పదిరోజులు ఎక్కడిదక్కడే ఆగిపోతుంది. ఆలోగా నేరుగా నాటింది తీగ సాగేస్తుంది.

గాజువాక_గ్రోబ్యాగ్ | సెప్టెంబర్ 10, ఉదయం 7:10

పొలం వేరు అన్నా, మేడ వేరు. పొలంలో నీరు కిందకి ఇంకిపోద్ది. బ్యాగ్ కింద స్లాబు.

మాధవధార_మాస్టారు | సెప్టెంబర్ 10, ఉదయం 8:30

ఇద్దరిదీ నిజమే. నాదైతే నేరుగా నాటడమే, కానీ నాకు పెరడుంది. ఈవిడకి టెర్రస్, పైగా వానలు. కప్పులే మేలు, కాకపోతే వేరు కదలకుండా మార్చే ఏర్పాటు మొదటి రోజే చేసుకోవాలి. టీ కొట్టు పేపర్ కప్పుకి లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, అది మట్టిలో చివకదు. కాబట్టి కప్పుతో సహా పాతేస్తే వేరు లోపలే చుట్లు తిరుగుతుంది. నాటేముందే కప్పుకి నిలువునా రెండు వైపులా బ్లేడుతో గాటు పెట్టి, రబ్బర్ బ్యాండ్ వేసి ఉంచండి. మార్చే రోజు బ్యాండ్ తీస్తే కప్పు రేకుల్లా విచ్చుకుంటుంది, మట్టి ముద్ద చెదరదు. అడుగున మూడు చిల్లులు. కప్పు కింద ప్లేటు పెట్టొద్దు.

కప్పులోకి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) సగం, జల్లించిన వర్మికంపోస్ట్ పావు, ఇసుక పావు చాలు. బీచ్ ఇసుక కాదు, ఉప్పుంటుంది! ఇంక ఏ ఎరువూ అక్కర్లేదు. మొదటి రెండు వారాలూ మొలకతో వచ్చే ఆ లావుపాటి జంటాకుల్లో, అంటే బీజదళాల్లో ఉన్న తిండే సరిపోతుంది.

పెద్దవాల్తేరు_పిట్టగోడ | సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 1:20

అందరికీ థాంక్స్. చేదు లేదు, దప్పళం బ్రహ్మాండం. ఎనిమిది గింజలు కప్పుల్లో వేశాను. కిచెన్ కిటికీ దగ్గర పెట్టాను. యూట్యూబ్‌లో ఒకాయన కింద హీటింగ్ మ్యాట్ వేయమంటున్నాడు. కొనాలా?

సీతమ్మధార_సందు | సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 1:31

విశాఖలో సెప్టెంబర్‌లో హీటింగ్ మ్యాటా! ముందు మనకి కూలింగ్ మ్యాట్ చూడండి.

మొక్కలడాక్టర్_కాదు | సెప్టెంబర్ 10, మధ్యాహ్నం 2:45

మంచు కురిసే దేశాల వీడియోలవి. గుమ్మడి మొలవడానికి 25 నుంచి 30 డిగ్రీలు హాయిగా ఉంటుంది, మన దగ్గర రాత్రిళ్లు కూడా ఆ దరిదాపుల్లోనే ఉంటుంది ఇప్పుడు. మనకి వేడి సమస్య కాదు, వెలుతురు సమస్య. మట్టి పైకి పచ్చటి మెడ కనిపించిన రోజే కిచెన్‌లోంచి తీసి టెర్రస్ మీద పెట్టండి. కిటికీ దగ్గర రెండు రోజులు ఆలస్యమైతే కాడ సాగిపోయి సన్నబడుతుంది, తర్వాత ఎండలో పెట్టినా లావు కాదు.

పెద్దవాల్తేరు_పిట్టగోడ | సెప్టెంబర్ 14, ఉదయం 7:48

ఆరు వచ్చాయి! అయితే రెండిటికి గింజ పెంకు టోపీలా తల మీదే ఉండిపోయింది. ఆకులు విప్పుకోలేక లోపల నలుగుతున్నట్టున్నాయి. తీసేయనా?

మొక్కలడాక్టర్_కాదు | సెప్టెంబర్ 14, ఉదయం 8:10

గోటితో లాగొద్దు. ఆకు చివరలు పెంకుతో పాటే ఊడొస్తాయి. చుక్క నీరు పెంకు మీద వేసి, తడి దూది కాసేపు కప్పి ఉంచండి. మెత్తబడ్డాక రెండు వైపులా మెల్లగా నొక్కితే నోరు తెరుచుకుంటుంది. లేదంటే సాయంత్రందాకా వదిలేయండి, చాలావరకు అదే రాలిపోతుంది.

ఇలా ఎందుకు జరుగుతుందో చూడాలంటే, మొలవని ఆ రెండు కప్పుల్లో ఒకటి తవ్వి చూడండి. వేరూ కాడా కలిసేచోట చిన్న మేకు లాంటి బొడిపె ఉంటుంది. గుమ్మడి జాతి మొలకలన్నిటికీ ఉంటుంది. ఆ బొడిపె పెంకు అంచుని కిందకి తొక్కిపట్టి ఉంచితే, ఆకులు లోపలి నుంచి జారి పైకి వస్తాయి, పెంకు మట్టిలోనే ఉండిపోతుంది. మట్టి మరీ పొడిగా ఉన్నా, గింజ మరీ పైపైన ఉన్నా ఆ పట్టు దొరకదు. పెంకు కూడా కాడతో పాటు లేచొస్తుంది. అంగుళం లోతు అని అందుకే చెప్పేది.

పెద్దవాల్తేరు_పిట్టగోడ | సెప్టెంబర్ 14, ఉదయం 10:30

తవ్వి చూశాను, నిజంగానే బొడిపె ఉంది! మా అబ్బాయి భూతద్దం తెచ్చుకుని మరీ చూశాడు. టోపీలు ఒకటి దూదితో వచ్చింది, రెండోది దానంతటదే పడిపోయింది.

పెద్దవాల్తేరు_పిట్టగోడ | సెప్టెంబర్ 17, ఉదయం 6:50

రాత్రంతా వాన. పొద్దున్న చూస్తే ఒక మొలక వాలిపోయి ఉంది. ఆకులు పచ్చగానే ఉన్నాయి కానీ మట్టి అంచు దగ్గర కాడ నీరు పట్టినట్టు మెత్తబడి, సన్నగా నొక్కుకుపోయింది. టెన్షన్‌గా ఉంది, మిగతావి కూడా పోతాయా?

మొక్కలడాక్టర్_కాదు | సెప్టెంబర్ 17, ఉదయం 7:15

నారుకుళ్లు. మట్టిలో ఉండే పిథియం లాంటి, శిలీంధ్రాలని పోలిన సూక్ష్మజీవుల పని. తడి ఎక్కువై గాలి తగ్గితే రెచ్చిపోతాయి. వాలింది లేవదు, దాన్ని మట్టితో సహా తీసి చెత్తలో వేయండి, కంపోస్ట్ డబ్బాలో వద్దు. మిగతా అయిదిటినీ ఎడంగా పెట్టండి, పైమట్టి వేలికి పొడిగా తగిలేదాకా చుక్క నీరు పోయకండి. తర్వాత కూడా పొద్దున్నే, కప్పు అంచు నుంచి పోయాలి.

మందు కావాలంటే లీటరు నీటికి 3 గ్రాములు కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడపొచ్చు. రసాయనం వద్దనుకుంటే ట్రైకోడెర్మా విరిడి పొడి కొంచెం వర్మికంపోస్ట్‌లో కలిపి పైన చల్లండి. రెండూ ఒకేసారి వేయకండి. ట్రైకోడెర్మా మేలు చేసే శిలీంధ్రం, కాపర్ దాన్నీ దెబ్బతీస్తుంది.

అడవివరం_అమ్మమ్మ | సెప్టెంబర్ 17, ఉదయం 9:00

అమ్మాయ్, పసుపు నీళ్లు పొయ్యి. మేం ఏ నారుకైనా అదే పోసేవాళ్లం.

మొక్కలడాక్టర్_కాదు | సెప్టెంబర్ 17, ఉదయం 9:20

పసుపు వల్ల నష్టం లేదు అమ్మమ్మగారూ, కానీ ఇప్పుడు ఆవిడ కప్పులకి కావాల్సింది నీళ్లు లేకపోవడం. పసుపైనా పొడిగానే చల్లమనండి.

అడవివరం_అమ్మమ్మ | సెప్టెంబర్ 17, ఉదయం 9:26

సరే డాక్టరు బాబూ. పొడిగానే చల్లమ్మా.

రుషికొండ_గాలి | సెప్టెంబర్ 18, సాయంత్రం 5:30

పెద్దవాల్తేరు అంటే సముద్రానికి దగ్గరే కదండీ. నా అనుభవం చెబుతా. తూర్పు వైపు పిట్టగోడ పక్కన పెట్టిన మొలకలకి ఆకు అంచులు మాడినట్టు అవుతాయి. అది తెగులు కాదు, ఉప్పుగాలి. గోడకి లోపలి వైపు, గాలి తగలని మూల చూసుకోండి. గాలి బాగా కొట్టిన రోజు సాయంత్రం మంచినీళ్లతో ఆకులు కడిగేయండి, చీకటి పడేలోపు ఆరిపోవాలి. ఇంకోటి, మీ అపార్ట్‌మెంట్ బోరు నీళ్లు ఉప్పగా ఉంటే మొలకలకి అవి పోయకండి. కుళాయి నీళ్లో, పట్టిన వాన నీళ్లో పోయండి.

కప్పుల్ని నేరుగా స్లాబు మీద పెట్టకుండా ఇటుకల మీద పెట్టండి. మధ్యాహ్నం స్లాబు వేడికి కప్పులోని వేళ్లు ఉడుకుతాయి.

పెద్దవాల్తేరు_పిట్టగోడ | సెప్టెంబర్ 22, రాత్రి 8:15

అయిదూ బాగున్నాయి. ఒక్కోదానికి రెండో అసలు ఆకు విప్పుకుంటోంది. నేనే మూడు ఉంచుకుని రెండు పక్కింటివాళ్లకి ఇస్తున్నా. బ్యాగ్ సైజు, మట్టి సంగతి చెప్పండి. మా బంధువొకరు భీమిలి ఎర్రమట్టి దిబ్బల దగ్గర నుంచి మట్టి తెస్తానంటున్నారు.

భీమిలి_పాదు | సెప్టెంబర్ 22, రాత్రి 8:40

ఆ దిబ్బల జోలికి పోనివ్వకండి అమ్మా. అది జాతీయ భూవారసత్వ స్థలం, తట్టెడు మట్టి తీసినా తప్పే. మామూలు ఎర్రమట్టి ఏ నర్సరీలోనైనా దొరుకుతుంది.

సీతమ్మధార_సందు | సెప్టెంబర్ 22, రాత్రి 8:44

నేను ఏ మట్టీ తేలేదండోయ్.

భీమిలి_పాదు | సెప్టెంబర్ 22, రాత్రి 8:47

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం ఇదే. సరిగ్గా గుమ్మడి చర్చలోనే దొరికారు.

గాజువాక_గ్రోబ్యాగ్ | సెప్టెంబర్ 22, రాత్రి 11:50

బ్యాగ్ 18 బై 18 అంగుళాలకి తగ్గొద్దు, ఒక బ్యాగ్‌కి ఒకటే మొక్క. 24 బై 24 అయితే ఇంకా మంచిది గానీ, నిండా నింపితే 170 లీటర్ల పైమాటే. తడిసిన మట్టితో క్వింటా దాటిపోద్ది. స్లాబు మధ్యలో వద్దు, కింద గోడో బీమో ఉన్న చోట పెట్టండి. ఎర్రమట్టి రెండు పాళ్లు, మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కోకోపీట్ ఒక పాలు, గుప్పెడు వేపపిండి. ఎరువు మాగకపోతే ఆ వేడికి లేత వేరు మాడిపోద్ది. చేత్తో తీస్తే పేడ వాసన రాకూడదు, మట్టి వాసన రావాలి.

సాయంత్రం ఎండ దిగాక మార్చండి. మాస్టారు చెప్పిన గాట్ల కప్పు ఐడియా బాగుంది, నేనూ మొదలెట్టా. బీజదళాల కింది దాకా మట్టి వచ్చినా ఫర్వాలేదు. రెండు రోజులు మధ్యాహ్నం పూట షేడ్‌నెట్ ముక్క కప్పండి. మూడో రోజు నుంచి అలవాటు చేసుకోవాల్సిందే, గుమ్మడికి కనీసం ఆరు గంటల ఎండ కావాలి.

పెద్దవాల్తేరు_పిట్టగోడ | సెప్టెంబర్ 27, ఉదయం 6:35

మార్చాక మొక్కలు వాడలేదు. కానీ ఇవాళ బీజదళాలకి గుండ్రటి చిల్లులు. ఆకు మీద నారింజ రంగులో మెరిసే చిన్న పురుగు కూర్చుంది. గోరులో సగం ఉంటుందేమో.

మాధవధార_మాస్టారు | సెప్టెంబర్ 27, ఉదయం 6:58

వచ్చేశాడా! గుమ్మడి పెంకు పురుగు. లేత దశలో దీన్ని మించిన శత్రువు లేదు. పెద్ద పాదుని నాలుగు చిల్లులతో వదిలేస్తుంది గానీ, రెండాకుల మొక్కనైతే రెండు మూడు రోజుల్లో ఈనెలు మిగిల్చి పోతుంది.

తెల్లవారుజామున ఇవి మందంగా ఉంటాయి, ఎగరలేవు. ఇప్పుడే వెళ్లి ఏరి సబ్బు నీళ్ల డబ్బాలో వేయండి. ఎండెక్కాక చెయ్యి చాపేలోపు తుర్రుమంటాయి. ఆకుల మీద మంచు తడి ఉండగానే జల్లించిన పిడకల బూడిద పలచగా చల్లండి. వాన పడితే కొట్టుకుపోతుంది, మళ్లీ చల్లుకోవాలి. తల్లిపురుగు గుడ్లు పెట్టేది మొక్క మొదట్లో మట్టిలోనే, పిల్ల పురుగులు వేళ్లు తింటాయి. కాబట్టి పైమట్టిని వారానికోసారి చిన్న పుల్లతో గీరండి, వేరు తగలకుండా.

గాజువాక_గ్రోబ్యాగ్ | సెప్టెంబర్ 27, ఉదయం 7:20

నేను బూడిదకన్నా వేపనూనెనే నమ్ముతా. లీటరుకి 5 ఎం.ఎల్., సబ్బు నీళ్లు కొన్ని చుక్కలు.

మొక్కలడాక్టర్_కాదు | సెప్టెంబర్ 27, ఉదయం 7:41

రెండాకుల మొక్కకి ముందు సగం మోతాదుతో ఒక ఆకు మీద కొట్టి మర్నాడు చూడండి. ఎండలో కొట్టొద్దు. ఇంట్లో గంధకం పొడి ఉందని ఎవరైనా ఇస్తే మాత్రం తీసుకోకండి. గంధకం మందులకి తీగజాతి కూరగాయల ఆకులు మాడిపోతాయి.

దోమతెర ముక్క నాలుగు పుల్లల మీద గుడారంలా వేస్తే మందు అవసరమే రాదు. పూత మొదలయ్యాక తీసేయాలి, తేనెటీగలు రావాలి కదా.

అడవివరం_అమ్మమ్మ | సెప్టెంబర్ 27, ఉదయం 8:05

మాకు పురుగుల బెడద ఏముంది నాయనా, కొండ మీంచి కోతులు దిగితే పురుగు కూర్చోడానికి ఆకు కూడా మిగలదు.

పెద్దవాల్తేరు_పిట్టగోడ | అక్టోబర్ 6, సాయంత్రం 6:10

పాత దోమతెర కప్పాను, పురుగు మళ్లీ కనబడలేదు. మూడు పాదులకీ నాలుగేసి ఆకులొచ్చాయి. ఒకటి నులితీగ వేసి బట్టలారేసే తాడు పట్టుకుంది. ఇప్పుడు ఎరువు మొదలుపెట్టనా? మా అత్తగారు పువ్వులంటున్నారు, నాకేమో కాయలు కావాలి.

మొక్కలడాక్టర్_కాదు | అక్టోబర్ 6, సాయంత్రం 6:45

ఇద్దరికీ పనవుతుంది. గుమ్మడికి ముందు వచ్చేవి మగపూలే, అవి ఎక్కువ కూడా. పువ్వు కింద చిన్న పిందె ఉంటే ఆడది, సన్నటి కాడ మాత్రమే ఉంటే మగది. అత్తయ్యగారికి మగపూలు ఇచ్చేయండి, రోజూ ఒకటి రెండు చెట్టున ఉంచి. కాయ పడటానికి అవి కావాలి.

ఆడపూలు పెరగాలంటే సరిగ్గా ఇదే సమయం. రెండు నుంచి నాలుగు ఆకుల దశలో లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి ఆకుల మీద ఒకసారి పిచికారీ చేయమంటారు. ఎక్కువైతే బోరాన్ విషమే, కళ్లతో ఉజ్జాయింపు వేయకుండా తూచి వేయండి. ఎరువు అంటారా, గుప్పెడు వర్మికంపోస్ట్ మొదలుకి జానెడు దూరంలో వేసి మట్టి కప్పండి. యూరియా వద్దు, ఆకే ఆకు వస్తుంది.

మాధవధార_మాస్టారు | అక్టోబర్ 6, రాత్రి 7:30

ఆ తాడు మీదకి మాత్రం పాకనివ్వకండమ్మా. అక్టోబర్ నెల మన ఊరికి మంచిది కాదు. 2014లో 12వ తేదీన హుద్‌హుద్ తుపానుకి నా పందిరి ఎటు పోయిందో ఇప్పటికీ ఆచూకీ లేదు. నవంబర్ వెళ్లేదాకా తీగని నేల మీదే, పిట్టగోడ వెంట పాకించండి. తుపాను కబురు వస్తే బ్యాగులు మూలకి జరిపి, తీగల మీద తడి గోనె పరిచి ఇటుకలు పెట్టొచ్చు. పందిరి మీద ఉన్నదాన్ని ఏం చేయలేం.

పెద్దవాల్తేరు_పిట్టగోడ | అక్టోబర్ 6, రాత్రి 7:42

తాడు నుంచి విప్పేశాను మాస్టారూ. బోరాక్స్ తూచడానికి చిన్న కాటా లేదు, కింద మెడికల్ షాపాయన తూచి ఇస్తానన్నారు.

చర్చ_నిర్వాహకులు | అక్టోబర్ 7, ఉదయం 9:00

మొలక దశ ముగిసింది కాబట్టి పూత, చేతి పరాగం, పండు ఈగ ప్రశ్నలు 'తీగజాతి: పూత నుంచి కాయ దాకా' చర్చలో అడగండి. ఇది తెరిచే ఉంటుంది.

కంచరపాలెం_కొత్త | అక్టోబర్ 9, రాత్రి 10:12

మా గుమ్మానికి కట్టిన బూడిద గుమ్మడి కుళ్లి, కింద కుండీలో పడి గింజలు మొలిచాయి. దీనికీ ఇవే పద్ధతులేనా? దిష్టికాయ మొక్క పెంచొచ్చా?

మాధవధార_మాస్టారు | అక్టోబర్ 10, ఉదయం 6:40

పద్ధతులు ఇవే, గింజ పెంకు మందం కాబట్టి మొలవడానికి ఇంకొన్ని రోజులు పడుతుంది, అంతే. మీకు అది కూడా అయిపోయింది. దిష్టి కాయకే గానీ మొక్కకి లేదు బాబూ. ఒకేచోట గుంపుగా మొలిచి ఉంటాయి, బలమైనవి రెండు ఉంచి మిగతావి కత్తిరించెయ్యండి.